దురాయి పడిన కారు

నా చివరి పోస్టింగు కృష్ణపట్నం రేవులో సరుకు దించే ఒక కాంట్రాక్టు కంపెనీ గ్యారేజీలో. హోదా సీనియర్ ఫోర్‌మన్. కరోనా సద్దుమణిగి బయటి ఇంజనీర్లు మళ్ళీ రేవుకు రావడం మొదలైన ఏడాది అది. నా చేతి కింద టిప్పర్లు, లోడర్లు, దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లే ట్యాంకర్లు ఉండేవి. చిన్న బండ్లలో చెప్పుకోదగ్గది ఒక్కటే, అతిథుల కోసం కంపెనీ కొన్న పెద్ద కారు. దాని డ్రైవరు యేసురత్నం.

యేసురత్నం గురించి ముందే రెండు మాటలు చెప్పాలి. ఆ కారు మీద ఈగను కూడా వాలనిచ్చేవాడు కాదు. టైర్లకు మట్టి ఉంటే ఆ రోజు అన్నం సయించేది కాదు. అయినా కంపెనీ బండిని సొంతానికి వాడకూడదని, తాళాలు జేబులోనే ఉన్నా ఆదివారం చర్చికి నడిచి వెళ్ళేవాడు. ఆ కారు కంపెనీదని గ్యారేజీలో మేమంతా ఎప్పుడో మరిచిపోయాం. ఇలాంటి వాళ్ళను ఆటపట్టించడం సులభం, లోపల్లోపల గౌరవించకుండా ఉండటం కష్టం.

మా గెస్ట్‌హౌసు సముద్రం వైపు ఉండేది. అక్కడికి వెళ్ళాలంటే ఒక పట్టపుపాలెం, అంటే చేపలు పట్టి బతికేవాళ్ళ ఊరు దాటాలి. పాలెం అవతల రోడ్డు కట్ట మీద సాగుతుంది. రెండు వైపులా రొయ్యల గుంటలు. తెల్లవారుజామున ఆ కట్ట మీదుగా ఆడవాళ్ళు నెత్తిన గంపలు పెట్టుకుని పడవలు చేరే చోటికి నడిచి పోతారు. సరిగ్గా ఆ వేళకే యేసురత్నం అతిథులను ఎక్కించుకుని నెల్లూరు రైలుకు బయలుదేరేవాడు.

ఒక తెల్లవారుజామున ఆదెమ్మ అనే ఆమె ఆ కారు లైట్లకు కళ్ళు బైర్లు కమ్మి కట్ట దిగువకు జారిపడింది. చీలమండ వాచింది. ఆమె పాలెం పెద్దకాపు పోలయ్య కోడలు. అంతకుముందే చాలామంది, ఈ కారోడు బ్రైట్ లైటేసుకుని మనుషుల మీదికి వస్తాడని గొణుగుతున్నారట. ఇక పోలయ్య ఊరుకోలేదు. కాపులను, అంటే ఊరి పెద్దలను, కూర్చోబెట్టి దురాయి వేశాడు.

దురాయి అంటే ఆ ఊరి పెద్దలు వేసే కట్టడి. ఏ రోజు వేటకు పోకూడదో, ఏ వల వాడకూడదో అక్కడ దురాయితోనే తేలుతుంది. వేసిన కాపులే దాన్ని ఎత్తాలి, పోలీసు చెప్పినా కలెక్టరు చెప్పినా కుదరదు. ఈ దురాయి ఏమిటంటే, లైట్లు వెలిగించుకుని మా కారు పాలెం దాటకూడదు.

కంపెనీ ఆ కారును సర్వీస్ సెంటరుకు పంపింది. అక్కడ స్కానర్ పెట్టి చూసి, ఫాల్ట్ కోడ్ ఏదీ లేదు, లైట్లు ఉండాల్సిన ఎత్తులోనే ఉన్నాయి అని రాసిచ్చారు. బండిలో తప్పు లేకపోతే తప్పు మనిషిదే అవుతుంది కదా. మా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసరు గారు నన్ను పిలిచి, యేసురత్నాన్ని సోమవారం నుంచి యార్డులో నీళ్ళ ట్యాంకరుకు మార్చమన్నారు. జీతంలో తేడా లేదు. కానీ డ్రైవర్ల లెక్కలో అది మెట్టు దిగడం. పైగా ఆడకూతురిని గుంటలోకి తోసినవాడనే పేరు మిగిలిపోతుంది.

అతను నా గదికి వచ్చి నిలబడ్డాడు. "నేను డిమ్ములోనే వచ్చినా సార్. బైబిల్ మీద చెయ్యేసి జెప్తా. బ్రైట్ కొట్టలేదు" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు నిజంగా మనసు పీకింది. సోమవారం పొద్దుటి దాకా ఆ ఆర్డరు ఆపమని అడిగాను. ఆఫీసరు గారు విసుక్కుంటూనే ఒప్పుకున్నారు.

ముందుగా ఇద్దరం పాలేనికి వెళ్ళి ఆదెమ్మను చూశాం. కాలికి కట్టుతో వసారాలో కూర్చుని వల బాగుచేస్తోంది. మామ కంటే ఈమె నయం, మాట్లాడింది. "అన్నా, నీ కారు గెస్టౌసుకు పొయ్యేటప్పుడు బాగానే ఉండాది. వచ్చేటప్పుడే కండ్లల్లో పొడస్తాది" అంది.

ఆ ఒక్క మాట నాకు చాలు. పోయేటప్పుడు కారు ఖాళీ. వచ్చేటప్పుడు వెనక ముగ్గురు మనుషులు, డిక్కీ నిండా పెట్టెలు. సర్వీస్ సెంటరు వాళ్ళు చూసింది ఖాళీ కారును.

ఇక్కడ కాస్త వివరం అవసరం. వెనక బరువు పడితే ఏ కారైనా వెనక కుంగుతుంది, ముక్కు పైకి లేస్తుంది. దానితోపాటు లైటూ లేచి ఎదుటివాళ్ళ మొహాన పడుతుంది. పాత బండ్లలో దీనికి మందు లేదు. తర్వాత వచ్చినవాటిలో డాష్‌బోర్డు మీద చిన్న చక్రం ఉండేది, దాన్ని డ్రైవరే తిప్పుకోవాలి, ఎవరూ తిప్పేవారు కాదు. ఈ కారులో ఆ పని దానంతట అదే జరుగుతుంది. వెనక చక్రం దగ్గర అగ్గిపెట్టెంత సెన్సర్ ఉంటుంది, దానికో చిన్న చెయ్యి. ఆ చేతికీ చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ ఆర్మ్‌కూ మధ్య వేలెడు కడ్డీ. కారు కుంగితే కడ్డీ ఆ చేతిని కదుపుతుంది. కబురు కంట్రోల్ యూనిట్‌కు పోతుంది, అది లైట్ల వెనకున్న మోటార్లతో లైట్లను కిందికి దింపిస్తుంది.

ఆదివారం కారును ముత్తుకూరులో మా ఇంటికి తెప్పించాను. రేవు గ్యారేజీలో ఉన్నవన్నీ టిప్పర్లకు తవ్విన గుంతలు. లైట్లు చూడాలంటే చదునైన నేల, ఎదురుగా గోడ కావాలి. మా ఇంటి ముందు సిమెంటు చేసిన జాగా ఉంది. తాపీపనివాళ్ళు వాడే నీటిగొట్టంతో మట్టం సరిచూశాను. నాలుగు టైర్లలో గాలి చూశాను. యేసురత్నం ఉదయం ఆరాధన ముగించుకుని తెల్లచొక్కాతోనే వచ్చేశాడు.

తాళం తిప్పగానే లైట్లు ఒకసారి కిందికి వంగి పైకి లేచాయి. అవి తమను తాము సరిచూసుకునే పద్ధతి అది. యేసురత్నం దాన్ని దండం పెట్టడం అంటాడు. "చూడండి సార్, దండం పెడతానే ఉండాది. ఇంకేం పాడైనట్టు?" అన్నాడు. మోటార్లు బాగున్నాయని అర్థం. అంటే వాటికి అందే కబురే తప్పై ఉండాలి.

జాకీ ఎత్తి, స్టాండ్లు పెట్టి, కిందికి దూరాను. కారు అడుగు భాగమంతా నల్లగా నిగనిగలాడుతోంది. మా తీరంలో ఉప్పుగాలికి ఇనుము నిలవదు. అందుకని లారీల వాళ్ళు వాడేసిన ఇంజనాయిల్లో డీజిల్ కలిపి అడుగున స్ప్రే కొట్టిస్తారు. లారీకి అది మంచిదే. యేసురత్నం తన కారుకు ప్రతి శనివారం కొట్టించేవాడు, ఒక్క మూల వదలకుండా. ఆ నూనెకు కట్ట మీది ఇసుక అంటుకుని సెన్సర్ చుట్టూ దిబ్బరొట్టెలా గట్టిపడింది. డీజిల్ తగిలి కడ్డీ చివరి రబ్బరు ఉబ్బిపోయింది. కడ్డీ చివర ఉన్న కప్పులోంచి సెన్సర్ చేతి గుండు ఊడి వచ్చేసింది. సెన్సర్ చెయ్యి ఆ ముద్దలో ఇరుక్కుని, ఖాళీ కారుకు ఉండాల్సిన చోటే ఆగిపోయింది. వెనక ఏనుగును ఎక్కించినా అది కారు ఖాళీ అనే చెబుతుంది. సెన్సర్ చచ్చిపోయి ఉంటే డాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలిగేది. ఇది బతికే ఉంది, చెప్పేది మాత్రం అబద్ధం.

బయటికి వచ్చి నోటికొచ్చినట్టు తిట్టాను. నా కోపం ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఏ మాన్యువల్లో రాశారు వారం వారం అభిషేకం చెయ్యమని, అని అడిగాను. అతను కారు పక్కన చతికిలబడి, "అయితే నేనే జేసినానా సార్" అన్నాడు. అంత ప్రేమగా చూసుకున్న మనిషి నోటి నుంచి ఆ మాట వినేసరికి నా కోపం దిగిపోయింది.

లోపలి నుంచి మా ఆవిడ సుగుణ వచ్చింది. "చర్చి నించి వచ్చిన మనిషికి అన్నం బెట్టకుండా తిట్లు బెడతారా? లెయ్యన్నా, చేతులు కడుక్కో" అని అతన్ని వంటింటి వైపు తీసుకుపోయింది. నన్ను పిలవలేదు.

కడ్డీ విడిగా దొరకదు, సెన్సర్‌తో కలిపే కొనాలి. తెప్పించడానికి వారం పడుతుంది. నా పాత సామాన్ల డబ్బాలో లారీ యాక్సిలరేటర్ కడ్డీకి వాడే కప్పులు ఉన్నాయి. మరలు కోసిన సన్నటి కడ్డీకి రెండు చివరలా వాటిని బిగించాను. ఇక్కడ పొడవే ప్రాణం. పాత కడ్డీకీ కొత్తదానికీ వెంట్రుక తేడా వచ్చినా సెన్సర్ సున్నా ఎక్కడుందో మరిచిపోతుంది, అప్పుడు మళ్ళీ స్కానర్‌తో నేర్పించాలి. వెర్నియర్‌తో కొలిచి, నట్లు బిగించి, మళ్ళీ కొలిచాను. సెన్సర్ చుట్టూ ఉన్న ముద్దను సబ్బునీళ్ళతో, పాత పళ్ళబ్రష్షుతో యేసురత్నమే కడిగాడు. పసిబిడ్డ చెవి తుడిచినట్టు తుడిచాడు.

పొద్దు గూకాక పరీక్ష. ఖాళీ కారు లైటు గోడ మీద పడిన గీత దగ్గర సుద్దతో గుర్తు పెట్టాను. డిక్కీలో రెండు బియ్యం బస్తాలు వేసి, వెనక సీట్లో సుగుణనూ పక్కింటి ఇద్దరమ్మలనూ కూర్చోబెట్టాను. గీత కాస్త లేచింది, క్షణం ఆగి, మెల్లగా దిగి సుద్దగీత మీద నిలిచింది. యేసురత్నం చప్పట్లు కొట్టాడు. నువ్వున్నావు చాలు, బస్తాలు దించేయొచ్చు అని సుగుణతో అన్నాను. ఆమె ఇచ్చిన జవాబు ఇక్కడ రాయలేను.

అప్పుడే పోలయ్యకు ఫోను చేశాను. గోడ మీద లైటు సరిగ్గా దిగిందని చెప్పి, రేపు తెల్లవారుజామున కారును తన కట్ట మీదే చూసుకోమన్నాను. ఆయన "మీ గోడ సంగతి మాకెందుకన్నా. మా కట్ట మీద, మా మనుషుల్ని ఎక్కించి చూపిస్తే చూస్తాం" అన్నాడు.

మర్నాడు చీకటితోనే కట్టకు పోయే దారిలో యేసురత్నానికి ఒక సలహా ఇచ్చాను. పార్టు పాడైంది, మార్చాం అని నేను చెబుతాను, అది అబద్ధమూ కాదు, నూనె సంగతి ఎత్తొద్దు అన్నాను. ఆ సంగతి ఆఫీసరు గారి చెవిన పడితే ట్యాంకరు ఖాయం. అతను తల అడ్డంగా ఊపాడు. "ఆయమ్మ కాలు బెణికింది నా వల్ల. ఆయమ్మ ఎదట నిలబడి వేరే మాట ఎట్ట జెప్పేది సార్?" అన్నాడు.

కట్ట దగ్గర కాపులు నిలబడి ఉన్నారు. ఇంకా చీకటిగానే ఉంది. యేసురత్నం కారు దిగి ముందు ఆ మాటే చెప్పాడు. ఉప్పుకు తుప్పు పట్టకూడదని నూనె కొట్టించానని, దాంతోనే లైటు చెడిందని, తప్పు తనదేనని, తెలిసి చెయ్యలేదని. కాపులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పోలయ్య ముగ్గురు బరువైన మనుషులను వెనక ఎక్కించి, డిక్కీలో ఐసుపెట్టెలు వేయించాడు. ఆదెమ్మ కుంటుకుంటూ, తాను పడిన చోటికే వెళ్ళి, గంప నెత్తిన పెట్టుకుని నిలబడింది. నేను వెళ్ళి ఆమె పక్కన నిలుచున్నాను.

కారు కట్ట ఎక్కింది. లైటు మా మీదికి వచ్చింది. వెలుతురు మా కాళ్ళ మీద పడింది, మోకాళ్ళ దాకా వచ్చింది, నడుము దగ్గర ఆగింది. కారు మమ్మల్ని దాటిపోయింది. ఆదెమ్మ గంప దించి గట్టిగా కేకేసింది. "మావా, కండ్లల్లో పళ్ళేదు!"

కాపుల ముందు పోలయ్య దురాయి ఎత్తేసినట్టు చెప్పాడు. యేసురత్నం చేతులు జోడించాడు. ఆదెమ్మ అతన్ని ఎగాదిగా చూసి, "నూనె మంచిదే అన్నా. మేమూ తలంటి పోసుకుంటాం. కండ్లల్లో పోసుకుంటామా?" అంది. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ యేసురత్నమే నవ్వాడు, అదే నవ్వులో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆఫీసరు గారికి ఉన్నదున్నట్టు రిపోర్టు ఇచ్చాను, నూనె సంగతితో సహా. ఆయన రెండుసార్లు చదివి, దురాయి ఎత్తేశారు కదా, ఇక మార్చడం ఎందుకు అన్నారు. యేసురత్నం నేను రిటైరయ్యేదాకా ఆ కారు మీదే ఉన్నాడు. నూనె కొట్టించడం మానలేదు, కొట్టించే ముందు మాత్రం సెన్సర్‌కు ప్లాస్టిక్ కవరు కట్టేవాడు.

ఆ తర్వాత గ్యారేజీలో ఒక నియమం పెట్టాను. లైట్ల మీద ఫిర్యాదు వస్తే స్కానర్ తీయకముందు కారుకు బరువు ఎక్కించాలి, మెకానిక్కు నడిచి వెళ్ళి దానికి ఎదురుగా నిలబడాలి. లైటు ఎంత దూరం పోతుందో స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాడికి తెలుస్తుంది, ఎవరి కళ్ళలో పడుతుందో ఎదురుగా నడిచి వచ్చేవాళ్ళకు తప్ప తెలియదు.