కల్ అంటే నిన్న

నాలుగో జమాతు వరకు మా ఇబ్రహీంపట్నం బడిలో పాఠాలన్నీ తెలుగులోనే చెప్పేవారు. ఉర్దూ ఒక్కటి పక్కన ఉండేది. దాన్ని మేమెవరమూ పెద్దగా పట్టించుకోలేదు. ఐదో జమాతులో అడుగుపెట్టగానే అంతా తారుమారైంది. లెక్కలు ఉర్దూలో, భూగోళం ఉర్దూలో, ఆఖరికి తిట్లు కూడా ఉర్దూలోనే. నాకు కూడికలు, తీసివేతలు బాగానే వచ్చు. కాని ఏం అడుగుతున్నారో తెలిస్తే కదా చేసేది! నోరెళ్లబెట్టుకుని కూర్చునేవాణ్ణి. నిజాం రాజ్యంలో మా ఈడు పిల్లలందరి గతీ అదే కాబట్టి నాకొక్కడికే అన్యాయం జరిగిందని చెప్పుకోవడానికి లేదు.

మా బాపుకు చదువు మీద ప్రేమా లేదు, కోపమూ లేదు. పెద్దచెరువు కింద మాకు వరి పొలం ఉండేది. దానికి మనుషులు కావాలి. "ఈ ఒక్క ఏడు సూస్త. ఇమ్తెహాన్ల పాసైతే సదువుకో. లేకుంటే నాగలి పట్టు" అన్నాడు. ఇమ్తెహాన్ అంటే పరీక్ష అని మా ఊళ్లో చదువు రానివాళ్లకు కూడా తెలుసు. బాపు ఒక మాట అన్నాడంటే ఇక దాని మీద బేరం ఉండదు.

అమ్మకు మాత్రం నన్ను ఎలాగైనా చదివించాలని పట్టుదల. ఆమెకు అక్షరం ముక్క రాదు. కోహెడ దగ్గర చిన్న పల్లెలో పుట్టి మా ఇంటికి వచ్చింది. ఇల్లు, పొలం తప్ప ఇంకో లోకం ఎరగదు. అయినా నాకు సాయం చేసే ఉపాయం ఒకటి తానే కనిపెట్టింది. సాయంత్రం జొన్నలు విసురుతూ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ రోజు బడిలో నేర్చిన మాటలు, వాటి అర్థాలు చెప్పించుకునేది. మరునాడు తిరగలి తిప్పుతూ తానే నన్ను అడిగేది. "కితాబ్ అంటే?" "పుస్తకం." "దరఖ్త్ అంటే?" "చెట్టు." నేను తడబడితే తిరగలి ఆగిపోయేది. మాట గుర్తొచ్చేదాకా పిండి రాలేది కాదు. ఆకలికి భయపడి నేర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి.

ఒకరోజు ఫికర్ అంటే దిగులు అని చెప్పాను. అమ్మ తిరగలి ఆపి నవ్వింది. "గది ఉర్దూనా? మా అవ్వ గూడ ఫికర్ జెయ్యకు అనేదిరా!" దవాఖాన కూడా ఉర్దూ మాటేనంటే నమ్మలేదు. ఇన్నాళ్లూ తనకు తెలియకుండానే ఉర్దూ మాట్లాడుతున్నానని ఆమెకు మస్తు సంబరమైంది. పక్కింటివాళ్లకు కూడా చెప్పుకుంది. నేను రాసుకునే చెక్కపలకకు గోడలకు పూసే తెల్లసుద్ద పూసి ఎండబెట్టి ఇచ్చేది. ఆ పలక మీద రాత కుడి నుంచి ఎడమకు పోతుంటే వంగి చూసి, "గిట్ల ఉల్టా రాసుకుంట పోతే బుర్ర తిరగదా బిడ్డా?" అని జాలిపడేది.

వానల పాఠంలో కల్ అనే మాట వచ్చింది. నిన్న వాన పడింది అన్న వాక్యంలో వచ్చింది కాబట్టి సారు నిన్న అని అర్థం చెప్పాడు. నేనూ ఇంటికొచ్చి అదే చెప్పాను. కల్ అంటే నిన్న. అమ్మ దాన్ని కూడా తిరగలి దగ్గర నాలుగు రోజులు తిప్పింది.

పరీక్షల కాలం దగ్గరపడ్డాక నాకు చలిజ్వరం వచ్చింది. రోజు విడిచి రోజు వణికించేది. దవాఖాన నుంచి తెచ్చిన చేదు మందు మింగి, గొంగడి కప్పుకుని పడుకునేవాణ్ణి. పరీక్ష ఏ రోజో అప్పటికింకా చెప్పలేదు. పట్నం నుంచి తనిఖీ చేసే అధికారి రావాలి, ఆయన వచ్చిన రోజే పరీక్ష. అమ్మ రోజూ మా జమాతు పిల్లలను అడిగి తెలుసుకునేది. జ్వరం ముదిరిన చివరి రెండు రోజులు మాత్రం నన్ను విడిచి గడప దాటలేదు.

ఆ రోజు మధ్యాహ్నం బడి చప్రాసి మా వాకిట్లోకి వచ్చాడు. పట్నం నుంచి కొత్తగా వచ్చిన మనిషి, తెలుగు రాదు. నేను లోపల వణుకుతూ ఒళ్లు తెలియకుండా ఉన్నాను. అతడు అమ్మతో "ఇమ్తెహాన్ కల్" అన్నాడు. అమ్మ కొయ్యబారిపోయింది. "సమ్ఝే?" అని అడిగాడు అతడు. అమ్మ తల ఊపి "సమజైంది" అంది. అతడు వెళ్లిపోయాడు.

పొద్దుగూకి బాపు పొలం నుంచి రాగానే, పరీక్ష నిన్ననే అయిపోయిందట అని చెప్పింది. బాపు కాళ్లు కడుక్కుని, "పోనీ" అన్నాడు. పిల్లవాడు జ్వరంలో ఉన్నాడు, నాలుగు రోజులాగి చెబుదామని ఇద్దరూ అనుకున్నారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

తెల్లారేసరికి జ్వరం లేదు. ఒళ్లు తేలిగ్గా ఉంది. "బడికి పోతనమ్మా" అన్నాను. అమ్మ నా నుదురు ముట్టుకుంది. "ఇయ్యాల వద్దు బిడ్డా. జావ తాగి పండుకో." పోవద్దంటే ఎవరికి చేదు? హాయిగా జావ తాగి పడుకున్నాను. అమ్మ ఆ పూట నా పక్కనే కూర్చుని తల నిమిరింది. ఎన్నడూ లేనిది మాటలు కూడా అడగలేదు.

సాయంత్రం పక్కింటి పిల్లవాడు వచ్చాడు. వాడిదీ నా జమాతే. "ఏంరా, ఇమ్తెహాన్‌కు రాలే?" అన్నాడు.

"అది మొన్ననే అయిపాయె గద" అంది అమ్మ.

"లేదు పెద్దమ్మా, ఇయ్యాల పొద్దుగాల అయింది. మేమందరం రాసినం. చప్రాసి మీ ఇంటికి రాలేదా?"

"వచ్చిండు. కల్ అన్నడు."

"అవ్, కల్ అంటే రేపు."

అమ్మ నా వైపు తిరిగింది. "కల్ అంటే నిన్న అన్నవ్ గదరా?"

"నిన్న అన్నా అదే, రేపు అన్నా అదే, అమ్మా" అన్నాను.

బడిలో వినగా వినగా ఆ రెండో అర్థం నాకు తర్వాత తెలిసింది, అమ్మకు చెప్పాలని తోచలేదు. రెండు రోజులకు ఒకే మాట ఎట్లా ఉంటుందని ఆమె అడగలేదు. లేచి వెళ్లి పొయ్యి ముట్టించింది. నాకు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. పొయ్యి మీద నీళ్లు మరిగే చప్పుడు వింటూ కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకున్నా ఆ సాయంత్రం మీద నాకు దుఃఖం పుట్టదు. ఎవరిదో సంగతి విన్నట్టే ఉంటుంది.

మరునాడు అమ్మ ఉతికిన చీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బడికి బయలుదేరింది. అంతకుముందు ఆమె ఎన్నడూ బడి గడప తొక్కలేదు. పెద్దసారు వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మంచివాడే, తెలుగు మాత్రం రాదు. నేను మాట్లాడబోతే అమ్మ ఆపింది. తిరగలి దగ్గర నేర్చిన మాటలన్నీ కూడగట్టుకుంది.

"సాబ్, బచ్చా... బుఖార్... బచ్చా అచ్ఛా..." అంది. పిల్లవాడికి జ్వరం వచ్చింది, మంచి పిల్లవాడు అని అంతవరకు చెప్పగలిగింది. ఆ తర్వాత చెప్పాల్సిన మాట కల్. దాని దగ్గర ఆగిపోయింది. నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, రెండు చేతులూ జోడించింది.

పెద్దసారు కుర్చీలోంచి లేచాడు. చాలా మెల్లగా, మర్యాదగా, చిరునవ్వుతోనే "నహీ హో సక్తా, అమ్మా" అన్నాడు. కాగితాలు అధికారి వెంట పట్నం పోయాయని, మళ్లీ వచ్చే ఏడేనని కూడా చెప్పాడు.

ఆ చిరునవ్వు చూసి అమ్మ ముఖం విప్పారింది. నా వైపు వంగి, "ఏమంటుండు?" అని అడిగింది.

"కాదంటుండు."

ఆమె ఇంకా ఆయన ముఖం వైపే చూస్తోంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "గా మాటకు గూడ ఇంకో అర్థం ఉంటదేమో, జర మంచిగ యాది జేస్కో బిడ్డా" అంది.

"లేదమ్మా" అన్నాను.