తమ్ముడి ఛాతీలో చోటుందా?

గుండె జబ్బు మనిషిని వెంటబెట్టుకుని చెన్నై వెళ్లేవాళ్లుంటే నా మాట వినండి: కింది బెర్తు దొరక్కపోతే రైలే ఎక్కొద్దు. మా తమ్ముడు సూరిబాబుని మధ్య బెర్తు ఎక్కించడానికి నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

సెల్‌ఫోన్‌కి వచ్చే కాల్స్ ఉచితమైన కొత్తలో మాట ఇది. వాడికి పుట్టుకతోనే ఛాతీ మధ్యలో గుంట. ఎవరికీ కనపడకూడదని బనియన్ లోపల తువ్వాలు మడిచి పెట్టుకుని తిరిగేవాడు. ఆ వేసవికి గుండె కూడా నీరసించింది. మార్పిడి తప్ప దారి లేదన్నారు విశాఖ డాక్టర్లు. ఆ పల్లపు ఛాతీలో కొత్త గుండె పడుతుందో లేదో మాత్రం చెన్నైలోనే తేల్చాలన్నారు.

మధ్యాహ్నం సబ్బవరంలో బస్సెక్కి అనకాపల్లి స్టేషన్ చేరాం. సాయంత్రం రైలు. తుని దాటాక పులిహోర విప్పి ఎదురు సీటు బెల్లం వ్యాపారికీ పెట్టాను.

"ఎక్కడికి తమ్ముడూ?" అన్నాడాయన.

"గుండె మార్పించుకోడానికండి," అన్నాడు మావాడు.

"ఓరి నీ దుంప తెగ! బల్బు మార్పించినట్టు సెప్తన్నావేటి!" అని ఆయన పులిహోర కింద పెట్టేశాడు. మళ్లీ తీసుకున్నాడులెండి.

తెల్లారి చెన్నైలో ఇడ్లీ, కాఫీ. పదింటికి ఆసుపత్రి. అదృష్టం, తెలుగు డాక్టరే దొరికాడు. స్టెతస్కోపు ఇటు పెట్టి, అటు పెట్టి, "ఏమీ వినపడదేమిటయ్యా!" అన్నాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. తీరా చూస్తే తువ్వాలు! అలవాటు కొద్దీ తియ్యలేదు వెధవ. నేను తిట్టినంత తిట్టాను, డాక్టరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

స్కానింగులన్నీ అయ్యాక మమ్మల్ని పిలిచాడు. అప్పుడు మాత్రం నవ్వలేదు.

"గుంట నొక్కడంతో గుండె ఎడమకి జరిగి, అక్కడే చోటు చేసుకుంది. కొలతకి సరిపోయే గుండె దొరికితే పెడతాం. అవసరమైతే ఎముక కూడా పైకి లేపుతాం."

"అంటే సోటుందన్నమాటేనా బాబూ?" అన్నాడు మావాడు.

"ఉందయ్యా."

నేను సిగ్గు లేకుండా అక్కడే ఏడ్చేశాను. వాడి పేరు రాసుకున్నారు. బట్టలవీ తెచ్చుకుని, దగ్గర్లోనే గది తీసుకుని ఎదురు చూడమన్నారు. తిరుగు రైలెక్కే ముందు వాడు మళ్లీ తువ్వాలు మడిచి బనియన్లోకి తోసుకున్నాడు. ఏం చెప్తాం!

మర్నాడు అనకాపల్లిలో సబ్బవరం బస్సు రాగానే జనం ఎగబడ్డారు. పరిగెత్తే ఓపిక వాడికెక్కడిది? నిలబడ్డ చోటే చొక్కా గుండీలు విప్పి, బనియన్లోంచి తువ్వాలు లాగి, కిటికీలోంచి సీటు మీదకి విసిరాడు. నడిబజార్లో, నలుగురి ముందు, గుంట కనపడుతోంది. కంగారుపడి చొక్కా దగ్గరికి లాగబోయాను.

"ఉండక్కా," అన్నాడు నా చెయ్యి తోసేసి. "వచ్చే గుండెకి సోటు దొరికింది కదేటి. ఇప్పుడు నీకు సూత్తన్నాను. ఎళ్లి కూకో."