మామ మిస్డ్ కాల్, నా సర్టిఫికెట్టు

సెల్‌ఫోను కొన్నవాడు దాన్ని చొక్కా జేబులోంచి సగం బయటికి కనబడేలా పెట్టుకుని, మాట్లాడటానికి మాత్రం భయపడే రోజులవి. మాట్లాడితే డబ్బులు పోతాయి, మిస్డ్ కాల్ ఇస్తే పోవు. బస్సెక్కానంటే ఒక మిస్డ్ కాల్, దిగానంటే ఇంకొకటి, అన్నం వడ్డించమంటే మరొకటి. మా కోవిల్‌పట్టి పక్క పల్లెల్లో, అరవదేశంలో తరాలుగా ఉంటున్న మా తెలుగువాళ్ళ కాపురాలన్నీ ఆ మోతల మీదే నడిచేవి. అప్పట్లో నేను విరుదునగర్‌లో ఎలక్ట్రానిక్ కాటాలు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. పాలిటెక్నిక్ డిప్లొమా, జేబులో టెస్టరు, మనసులో మామ కూతురు. ఇదీ నా ఆస్తి. మొదటి రెండూ నా దగ్గరే ఉన్నాయి గానీ, మూడోది మామ చేతిలో ఉంది.

మామ అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. నల్లరేగడి నేలలో మిరప పండించేవాడు. మనిషి రంగు కూడా ఆ నేలదే కాబట్టి ఊరంతా కరిసల్ మామ అనేవారు (కరిసల్ అంటే అరవంలో నల్లరేగడి). మా వాళ్ళలో తమ్ముడి బిడ్డ అక్క కొడుక్కేనని ఉయ్యాలలో ఉండగానే అనేసుకుంటారు. అనుకోవడం వరకు అందరూ ఉదారులే, ఇచ్చేటప్పుడు మాత్రం ఉద్యోగం ఏమిటని అడుగుతారు. ఆలంగుళం సిమెంటు ఫ్యాక్టరీలో సర్కారు ఉద్యోగం చేసే అబ్బాయి సంబంధం వచ్చిందని తెలిసి మా అమ్మ తమ్ముణ్ణి నిలదీసింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "డిప్లొమా శానామంది చదివినారుక్కా, ఇంటికొగడు ఉండాడు. ఈడు ఇంగా ఏమన్నా పెద్దది తేనీ, అప్పుడు చూస్తాం" అన్నాడు.

పెద్దదేమిటా అని వెతుకుతుంటే ఒక పత్రికలో వ్యాసం కనబడింది. ఇ.ఎం.సి. ఇంజనీరుగా సర్టిఫికెట్ సంపాదిస్తే జీతం, హోదా, గౌరవం వెంటపడి వస్తాయట. (ఆ వ్యాసం రాసింది ఆ పరీక్ష పెట్టేవాళ్ళేనన్న సంగతి ఫీజు కట్టాక గమనించాను.) ఇ.ఎం.సి. అంటే ఎలక్ట్రోమాగ్నెటిక్ కంపాటిబిలిటీ. ఒక యంత్రం వదిలే తరంగాలు పక్కదాన్ని సతాయించకుండా, పక్కదాని సతాయింపుకు ఇది బెదరకుండా చూసే విద్య. మిక్సీ తిప్పితే టీవీలో గీతలు పడతాయే, ఆ జబ్బుకు వైద్యమన్నమాట. పగలు కాటాలు బిగిస్తూ, సాయంత్రాలు లాడ్జి గదిలో పుస్తకం బట్టీపడుతూ, చెన్నై వెళ్ళి పరీక్ష రాసి, ఎలాగో గట్టెక్కాను. బంగారు రంగు ముద్రతో సర్టిఫికెట్ వచ్చింది. అమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టి దేవుడి పక్కన నిలబెట్టింది. మా ఓనరు నా భుజం తట్టి, కంపెనీ కరపత్రంలో "సర్టిఫికెట్ పొందిన ఇంజనీరు కలరు" అని అచ్చువేయించి, కాటా ధర పెంచాడు. నా జీతం సంగతి కరపత్రంలో లేదు కాబట్టి ఆయనకూ గుర్తులేదు.

మామకు మాత్రం నేనే వెళ్ళి వివరించాను. ఆయన శ్రద్ధగా విని, "అంటే పక్కన ఒగ మిషనుంటే ఇంగొగ మిషను తప్పు చెప్తాది, అంతేనా? ఇదొగ పరీచ్చ అప్పా? మాకు దినమూ జరిగేదే కదా!" అని అదోలా నవ్వాడు. పల్లెటూరి మనిషి, ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. అయినా ముద్ర చూసి మెత్తబడ్డాడు. ఆలంగుళం వాళ్ళకు జవాబు చెప్పకుండా ఆపాడని తెలిసి నాకు నిద్రపట్టలేదు.

అలాంటి సమయంలో విరుదునగర్ మిరపకాయల మండీ అన్నాచ్చి మా కంపెనీ మీదికి వచ్చాడు. (అక్కడ వ్యాపారి ఎవరైనా సరే అన్నాచ్చే, వయసుతో పనిలేదు.) మా కాటా మీద కొన్నప్పుడున్న బరువు అమ్మేటప్పుడు ఉండటం లేదట. మిరపకాయ ఎండితే తగ్గదా అని మా ఓనరు నసిగితే, "మిరపకాయ ఎండుతుందని నాకే నేర్పుతావా?" అని అన్నాచ్చి అరవంలో గయ్యిమన్నాడు. మా వాళ్ళు తూకపురాళ్ళు మోసుకెళ్ళి చూస్తే కాటా ధర్మరాజులా నిలబడింది. చివరికి ఓనరు నా వైపు తిరిగి, "సర్టిఫికెట్ ఉంది కదా, వెళ్ళు. తప్పు పట్టుకోకుండా రాకు" అన్నాడు.

వెళ్ళేసరికి మండీ ముందు మా మామే మూటలతో నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే ఆయన మొహం ఒక్క క్షణం మాడింది గానీ వెంటనే తేరుకుని, అందరికీ వినబడేలా "నమ్మ మాప్పిళ్ళై!" అన్నాడు. మన అల్లుడు! ఆ మాట తర్వాత ఆ మండీలో ఎవరేమన్నారో నాకు వినబడలేదు. కాటా పక్కన స్టూలు వేసుకుని, అల్లుడి హోదాలో కాలు మీద కాలేసి కూర్చున్నాను.

మామ మూట కాటా ఎక్కింది. అంకెలు నిలిచాయి. గుమాస్తా చదవబోయేంతలో, కాటా పెట్టె నెత్తినున్న అన్నాచ్చి ఫోను ఒక్కసారి మోగి ఆగింది. అంకెలు గబుక్కున పైకి ఎగబాకాయి, గుమాస్తా వాటినే చదివేశాడు. ఇంకో మూట ఎక్కింది. మళ్ళీ మోత, మళ్ళీ ఎగబాకుడు. బట్టీపట్టిన పాఠం కళ్ళముందు ప్రాణంతో నిలబడితే ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది. స్టూలు మీంచి ఎగిరి లేచాను. "దొరికింది అన్నాచ్చీ! తప్పు కాటాది కాదు, మీ ఫోనుది! మూట ఎక్కినప్పుడల్లా ఎవడో మిస్డ్ కాల్ ఇస్తున్నాడు. ఆ తరంగాలు ప్లాస్టిక్ పెట్టెలోకి దూరి అంకెల్ని తోస్తున్నాయి. కావాలంటే ఆ నంబరుకు తిరిగి చేసి చూడండి, వాడెవడో!" అని మండీ దద్దరిల్లేలా అరిచాను.

అన్నాచ్చి చేశాడు. మిట్టమధ్యాహ్నం మా మామ జేబులో కోడి కూసింది.

(అది ఆయన ఫోను మోత. ముచ్చటపడి పెట్టించుకున్నాడు.) మండీలో తుమ్ములు కూడా ఆగిపోయాయి. "ధర అడుగుదామని చేశాను అన్నాచ్చీ" అన్నాడు మామ. "ఎదురుగా ఉన్నవాడికి ఫోనా?" "ఎదురుగానే ఉన్నారని గుర్తొచ్చి కట్ చేశాను." "మూట మూటకీనా?" "ధర మూట మూటకీ మారుతుందేమోనని!" అంత కష్టంలోనూ ఆయన జవాబుకు తడుముకోలేదు. అన్నాచ్చి ఫోను పక్క గదిలో పెట్టించి మూటలన్నీ మళ్ళీ తూయించాడు. వెళ్తూ వెళ్తూ మామ నా చెవి దగ్గరికొచ్చి, ఎవరికీ అర్థం కాకూడదని తెలుగులోకి దిగాడు. "నీ పరీచ్చ కాల్చ! అల్లుడని అందరి ముందరా చెప్తే, నా మానం వీదిన పెట్టితివి కదరా. పో, పోయి ఆ మిషన్నే పెండ్లి చేసుకో. పిల్ల ఆలంగుళానికే!"

ఇంటికొచ్చి చెబితే అమ్మ తల పట్టుకుంది. "ఏల్రా, ఆ అరిచేది ఇంటికొచ్చి అరిచుంటే ఆగదా?" అంది. నిజమే, ఆగేది. కంపెనీలో మాత్రం నన్ను ఆకాశానికెత్తారు. రేకు పెట్టె పెట్టి, తీగలకు తరంగాల్ని మింగే ఫెరైట్ బిళ్ళలు తొడిగి కొత్త కాటా తయారుచేశాను. అన్నాచ్చి దాన్ని కొననే లేదు. గోడకు ఒక మేకు కొట్టి, సంచీలో ఫోను వేసి తగిలించుకున్నాడు. పత్రికలో చెప్పిన హోదా నాకు ఒక టేబుల్ ఫ్యాను రూపంలో వచ్చింది. దాని ముందు కూర్చుని మరదల్ని తలుచుకుంటే ఏడుపొచ్చేది.

కొన్నాళ్ళకు మామ మా గడప తొక్కాడు. నాతో మాట్లాడలేదు, మొహం చూడలేదు. అమ్మతోనే అన్నాడు. "అక్కా, యోచన చేసి చూస్తిని. ఈడు బయట తిరిగితే నాకు ఆపత్తు. రేపు ఇంగేమి పట్టుకోని యాడ అరుస్తాడో! ఇంటి అల్లుడైతే కొంచెమన్నా నోరు మూసుకోని ఉంటాడు. పిల్లనిస్తా, తీసుకో." ఆలంగుళం సర్కారు ఉద్యోగిని నేను ఓడించింది అలాగ.

పెళ్ళయ్యాక చాలాకాలం నా విద్యకు మామ భయపడ్డాడనే గర్వంగా ఉండేవాణ్ణి. ఒకసారి మా ఆవిడ దగ్గర ఆ గొప్ప చెప్పుకుంటే ఆమె పకపకా నవ్వింది. "మా నాయన నీకు బయపడేదా? నేనే చెప్తిని. సొంత మామనే కాపాడుకోను తెలీనోడు, నాతో ఒగ అబద్దమన్నా ఆడగలడా? ఈడికే ఇయ్యి నాయనా అంటిని" అంది. ఆ తర్వాత పెద్ద ఊళ్ళలో, పెద్ద ల్యాబుల్లో ఇంతకంటే కష్టమైన జబ్బులెన్నో పట్టుకున్నాను. పట్టుకున్నాక గొంతు సవరించుకుని, చుట్టూ ఎవరెవరున్నారో చూసుకుని, మర్యాదగా నివేదిక రాస్తాను. సంతోషం పట్టలేక స్టూలు మీంచి ఎగిరి అరిచిన ఆ కుర్రవాడు ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. మా ఆవిడ కోరి చేసుకున్నది మాత్రం వాణ్ణి.