సాంబ్రాణి తెచ్చే మనిషి

జనవరి ఆరో తేదీని మా సంఘం క్యాలెండర్లో ప్రత్యక్షత పండుగ అని వేస్తారు. ఊళ్లో సాంబ్రాణి పండుగ అంటారు. రెండో పేరే వాడుకలో నిలిచింది. క్రిస్మస్ అయిపోయి, కొత్త సంవత్సరం కేకులు అయిపోయి, జనం మళ్లీ కంది చేలల్లో పడ్డాక వచ్చే పండుగ కాబట్టి దీనికి కొత్త బట్టలు ఉండవు, పిండివంటలు ఉండవు. పక్క ఆదివారానికి జరుపుదామని కొత్తగా వచ్చిన ప్రతి పాస్టరు గారూ ఒకసారి అడుగుతారు. డిసెంబరు ఇరవై ఐదును కూడా జరుపుతారా అని నేను అడుగుతాను. ఆ మాట అక్కడితో ఆగిపోతుంది.

మాది కంబదూరు దగ్గర ఒక ఊరు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. తేదీల విషయంలో నాకు కొంచెం పట్టింపు అని మా వాళ్లు అంటారు. కొంచెం కాదు. క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరుల వెనకాలే, నక్షత్రం చూసి బాలయేసుకు కానుకలు తెచ్చిన జ్ఞానులకు అట్ట కిరీటాలు పెట్టి పంపిస్తామంటే నేను ఒప్పుకోను. కాపరులు పక్క పొలాల వాళ్లు, ఆ రాత్రే వచ్చారు. జ్ఞానులు తూర్పు దేశం నుంచి రావాలి. ఎన్నాళ్లు పట్టిందో ఎవరూ చెప్పలేదు గాని అదే రాత్రికి మాత్రం చేరరు. ముగ్గురని కూడా ఎక్కడా లేదు. కానుకలు మూడు, అంతే. మనుషుల లెక్క లేదు.

ఈ పండుగకు మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. మరో ఊళ్లో నేను చూడలేదు. మా అత్తగారు కోడలిగా వచ్చేసరికే అది పాతదట. జ్ఞానులు ఆ దేశం వాళ్లు కారు, ఆ మతం వాళ్లూ కారు. నక్షత్రం కనబడింది బయటివాళ్లకు. అందుకని బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చేది మా సంఘం వాళ్లు కాకూడదు. ఊళ్లోని హిందువులో ముస్లిములో తేవాలి. తెచ్చిన మనిషి గడప అవతల నిలబడాలి. లోపలున్న చివరి మనిషి లేచి నిలబడేదాకా గడప దాటకూడదు. దాటి వచ్చి, ముందున్న బల్ల మీద కానుక పెట్టాక మేము కూర్చుంటాం. ఆ మనిషి వచ్చిన వాకిట్లోంచి కాకుండా పక్క తలుపు గుండా వెళ్లిపోవాలి, జ్ఞానులు వేరే దారిన తిరిగిపోయారు కాబట్టి. మూడు కానుకలకు మూడుసార్లు లేవడం, మూడుసార్లు కూర్చోవడం. మోకాళ్ల నొప్పుల వాళ్లు, నేను తప్ప, చాపల మీద చేరరు, ముందే వచ్చి వెనక బెంచీలు పట్టుకుంటారు. ఈ పద్ధతి తప్పకుండా చూసే పని మా అత్తగారి తర్వాత నా మీద పడింది.

బంగారం భూములున్న ఇంటి పెద్దాయన తెస్తాడు. భార్య మెడలోని గొలుసును పళ్లెంలో పెట్టి తెచ్చి, మధ్యాహ్నానికి మనిషిని పంపి వాపసు తెప్పించుకుంటాడు. జ్ఞానులు వాపసు తీసుకుపోలేదన్నా అని ఒకసారి అన్నాను.

"వాళ్ల పెండ్లాలు ఎంట రాలేదు టీచరమ్మా. నా పెండ్లాం ఊర్లోనే ఉండాది" అన్నాడు.

బోళం తెచ్చేది బస్టాండు దగ్గర మిషను కుట్టే సాయిబు. బోళం మరణానికి గుర్తు అని ప్రసంగంలో చెబుతారు. ఆయన ఒప్పుకోడు. మా వైపు పచారి అంగట్లో ఆ పేరుతో దొరికేది బాలింతల మందు. అది బిడ్డకు కాదు, తల్లికి తెచ్చింటారు, అంత దూరం నుంచి వచ్చినోళ్లలో ఒక్కడికన్నా ఆ మాత్రం తెలివి ఉండదా అంటాడు. రెండు బోళాలూ ఒకటేనా కాదా నేను చెప్పలేను.

సాంబ్రాణి తెచ్చే ఆమె గురించే ఇది రాస్తున్నాను.

ఆమెది బస్టాండులో ఉగ్గాని బజ్జీల అంగడి. నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. భర్త చనిపోయినప్పటి నుంచి సాంబ్రాణి ఆమే తెచ్చేది. పొగ లేస్తున్న మట్టి గిన్నెను రెండు చేతులా పట్టుకుని గడప అవతల నిలబడేది. అటు చూడదు, ఇటు చూడదు. అంగట్లో అందరూ బెంచీ మీద కూర్చుని తింటారు, ఆమె పొద్దుగూకేదాకా పొయ్యి దగ్గర నిలబడుతుంది. జనవరి ఆరున మాత్రం హెడ్మాస్టరు మొదలుకొని అందరూ ఆమె కోసం నిలబడతారు. ఆమె లోపలికి నడిచే నడక నాకు తెలుసు. తొందరపడేది కాదు.

పోయిన ఏడు శ్రావణమాసంలో ఒకరోజు బజ్జీల పొట్లం తీసుకుని మా ఇంటికి వచ్చింది. ఆమె ఊరికే బజ్జీలు ఇచ్చే మనిషి కాదు.

"అక్కా, నేను బాప్తిస్మం తీసుకుంటా" అంది.

"ఎవరన్నా చెప్పినారా?"

"నాకెవురు చెప్తారు. ఇన్నేండ్లుగా వస్తాండా, బల్ల మీద పెడతాండా, పక్క తలుపులో పోతాండా. లోపల మీరు ఏం మాట్లాడుకుంటారో చివరిదాకా ఒక్కసారన్నా విన్నెట్లు లేదు. కూర్చోవల్లని ఉండాది అక్కా."

నిజమే. ఆమె వెళ్లాకే ప్రసంగం మొదలవుతుంది. పెద్దగా పోగొట్టుకున్నదేమీ లేదని చెప్పాను. ఆమె నవ్వలేదు.

"ఇంట్లో ఏమన్నారు?"

"నా కొడుకు నీ ఇష్టం మా అన్న్యాడు. కోడలు మాట్లాడలే. మాట్లాడితే గదా నేను ఏదన్నా అనేది."

"అయితే మంచిదే. పాస్టరు అయ్యగారికి చెప్పు" అన్నాను. తర్వాత, చెప్పాల్సిన మాట కాబట్టి చెప్పాను: "కానీ సాంబ్రాణి ఇంక నువ్వు తేకూడదు."

ఆ సంగతి ఆమెకు తట్టినట్టు లేదు. పొట్లం దారాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"అవే చేతులు గదా అక్కా."

"చేతులు అవే. నువ్వు సంఘంలో మనిషివి అవుతావు. మన కానుక మనమే తెచ్చుకుంటే అది ఆ పండగ కాదు."

"అయితే నా కోసం లేచరా?"

"లేచరు. మేము ఒకరికోసం ఒకరం లేచము."

పొట్లం నా దగ్గరే వదిలి లేచి వెళ్లింది. ఆ తర్వాత వినాయక చవితి పోయింది, దసరా పోయింది, బాప్తిస్మం మాట లేదు. దీపావళికి ముందు పాస్టరు గారు మా ఇంటికి వచ్చారు. ఆయనది గుంటూరు వైపు, మర్యాదగా మాట్లాడతారు.

"అమ్మగారూ, మీ రూలు వల్ల ఒక ఆత్మ బయట నిలబడి ఉందండి. ఆవిడ ఒక్కరికీ మినహాయింపు ఇవ్వండి. కొత్తగా చేరినావిడే కదా, ఒకటి రెండేళ్లు తెస్తే ఏమవుతుంది?"

"రెండేళ్లయినాక?"

"అప్పుడు చూద్దాం."

అప్పుడు చూద్దాం అన్న చోట పద్ధతి అనేది మిగలదు. అదే ఆయనకు చెప్పాను. ఇంకొకటి కూడా చెప్పాను. ప్రత్యక్షత అంటే కనబడటం. కనబడింది లోపలి వాళ్లకు కాదు. లోపలి వాళ్లకు ఆ రోజు ఉన్న పని ఒక్కటే, లేచి దారి ఇవ్వడం. దాన్ని కూడా తీసేస్తే మనం ఆ రోజు చర్చికి పోవాల్సిన అవసరమే లేదు. ఆయన కాఫీ తాగి, ఆలోచిస్తానని చెప్పి వెళ్లారు. నేను ఆయన్ని ఆలోచించమని అడగలేదు.

మరుసటి రోజు నేనే అంగడికి పోయాను. ఆమె మిరపకాయలు చీరుతోంది.

"అయ్యగారితో నువ్వే చెప్పిచ్చినావా?" అన్నాను.

"నేను చెప్పలే. అడిగితే ఏడుపొచ్చింది. ఆయప్పే వచ్చినాడు నీ తాకి." మిరపకాయ గింజలు దులుపుతూ అంది. "కూర్చునేది కావల్ల, మీరు లేచేది కావల్ల. రెండూ అడిగితే ఆశ అంటారు గదా అక్కా."

"అంటారు."

"అనుకోనీలే. పెట్టు రోజు."

డిసెంబరు మూడో ఆదివారం ఆమె బాప్తిస్మం జరిగింది. మా సంఘంలో తల మీద నీళ్లు పోస్తారు, ముంచరు. ముంచేంత నీళ్లు మా వైపు లేవన్నది వేరే సంగతి. ఆమె మా పక్కన చాప మీద కూర్చుని ప్రసంగం చివరిదాకా విన్నది. బయటికి వచ్చాక ఎలా ఉంది అని అడిగాను.

"నడుము పట్టేసినాది" అంది.

కానుక తెచ్చే పని మానుకునే మనిషే తన చోటికి ఇంకొకరిని చూపించాలి. అదీ పద్ధతే. ఆమె తిరిగింది. పూలమ్మే ఆమె పొలం పని ఉందంది. పాల డెయిరీ ఆమె మొగుడితో బెంగుళూరు పనికి పోతోంది. ఇంకొకామె, నువ్వు మోసిన గిన్నె నేను మోస్తే నువ్వు ఒప్పుకుంటావా అని మొహం మీదే అడిగిందట. క్రిస్మస్ అయిపోయింది. సాంబ్రాణి లేకుండా రెండు కానుకలతోనే సరిపెడదామని పాస్టరు గారు మొదలుపెట్టారు. నేను వినిపించుకోలేదు.

జనవరి మూడో తేదీన ఆమె కోడలు మా గేటు దగ్గరికి వచ్చింది. అత్తాకోడళ్లు ఒకే పొయ్యి దగ్గర పని చేస్తూ ఒకరితో ఒకరు మూడోమనిషి ద్వారా మాట్లాడుకునే రకం. ఉగ్గానిలో ఉప్పు తక్కువైతే తింటున్నవాళ్లను మధ్యలో పెట్టుకుని చెప్పుకుంటారు.

"టీచరమ్మా, సాంబ్రాణి నేను తెస్తా."

"మీ అత్త అడిగిందా?"

"ఆయమ్మ అడుగుతుందా. నేను చీపురు పట్టుకోని పక్కన నిలబడినా కాలు తీయదు ఆయమ్మ. ఎవురొచ్చినా లేచల్ల గదా ఆ పొద్దు?"

"చివరి మనిషి దాకా."

"అయితే తెస్తా" అంది. మొహంలో ఏమీ కనిపించలేదు.

తేవడానికి ఏ కారణం ఉండాలో పద్ధతిలో లేదు. తెచ్చే మనిషి బయటి మనిషి అయితే చాలు. ఒప్పుకున్నాను. సాయంత్రానికి అత్త వచ్చింది.

"ఆ పిల్ల కోసం నేను లేచల్లనా అక్కా?"

"లేచల్ల."

"నాకు మోకాళ్ల నొప్పి."

"నీకు లేదు. నాకు ఉండాది. నేను లేస్తా."

"ఇంగెవురూ దొరకలేదా?"

"వెతికింది నువ్వే గదా" అన్నాను.

ఆరో తేదీ మంగళవారం. చర్చి నిండలేదు గాని ఖాళీగా లేదు. ఆమె వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. బెంచీలు ఖాళీగా ఉన్నా అటు పోలేదు. పెద్దాయన గొలుసుతో వచ్చాడు, అందరం లేచాం, ఆమె కూడా లేచింది, ఆయన పెట్టి వెళ్లాడు, కూర్చున్నాం.

తర్వాత గడప అవతల కోడలు నిలబడింది. పెళ్లినాటి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. గిన్నెలో పొగ బాగానే లేస్తోంది. చాపల మీది వాళ్లు, బెంచీల వాళ్లు, పాస్టరు గారు, నేను, అందరం లేచాం. ఒక్క మనిషి మాత్రం లేవలేదు. కొంగు సరిచేసుకుంటూ నేలకేసి చూస్తోంది.

కోడలు గడప దాటలేదు. ఆ పిల్లకు పద్ధతి నేనే చెప్పాను, సరిగ్గానే నేర్చుకుంది. పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. నేను ఏమీ అనలేదు. లేవమని చెప్పించుకుని లేస్తే అది లేచినట్టు కాదు. కోడలి వెనక బోళం పొట్లంతో నిలబడ్డ సాయిబు మాత్రం ఊరుకోలేదు.

"ఎవురన్నా లేచేదుంటే లేచండప్పా. ఈ పూట నాకు రెండు జాకెట్లు ఇచ్చేది ఉండాది."

ఎవరో నవ్వారు. ఆమె తల ఎత్తలేదు. పొగ లోపలికి వస్తోంది. అప్పుడు కోడలు అంది, పెద్దగా కాదు, మామూలు గొంతుతోనే, ఎవరినీ మధ్యలో పెట్టకుండా:

"అత్తా, చేయి కాల్తాండాది."

ఆమె తల ఎత్తి చూసింది. చూసి, ఒక్క ఊపున లేచింది.

"ఉత్త చేతుల్తో ఎత్తుకుంటారా ఎవురన్నా? కింద తడిగుడ్డ పెట్టుకోవల్లని తెలీదా? పొయ్యి దగ్గర ఇన్నేండ్లుండి ఏం నేర్చుకున్యావు నువ్వు?"

ఆమె తిట్టడానికి లేచిందో, కానుక కోసం లేచిందో నేను చెప్పలేను. ఆమెను అడగలేదు. లేచి నిలబడింది, పద్ధతికి అంతవరకు చాలు. కోడలు గడప దాటింది. చేయి కాలుతున్నా తొందరపడలేదు. అత్త నడిచినట్టే నడిచి బల్ల దాకా పోయి, గిన్నె దించి, వేళ్లు చీరకు అద్దుకుంది.

మేము కూర్చున్నాం. ఆమె కూర్చోలేదు. వెనక వాళ్లకు అడ్డమవుతోందని నేను కొంగు పట్టి లాగాను.

"పెట్టేసింది గదా. కూర్చో" అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. కోడలు పక్క తలుపు వైపు నడుస్తోంది.

"ఉండక్కా" అంది. "ఆ పిల్ల ఇంకా తలుపు దాటలే."