భూమయ్య తాత స్నానం కోసం సాయిలును చంపిన వైద్యం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, వానాకాలం నాట్లు మొదలైనప్పుడు, నన్ను బాన్సువాడకు వేశారు. ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే ఇంటింటి వైద్య బృందంలో నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును. తినడం, బట్టలు తొడుక్కోవడం, స్నానం లాంటి పనులు రోగి వీలైనంతవరకు తానే చేసుకునేలా చూడటం ఆ ఉద్యోగం. బృందంలో డాక్టరమ్మ తర్వాత నర్సు, నర్సు తర్వాత నేను. జీపులో నా చోటు ఎప్పుడూ వెనకే, మందుల పెట్టె పక్కన. పాప పుట్టాక రాజీనామా చేశాను. ఈ వయసులో ఉద్యోగ జ్ఞాపకాలు రాయడం కొంచెం అతే అనిపిస్తుంది. కానీ పాప ఊపిరి సరిగా తీస్తోందో లేదో అని లేచి లేచి చూసుకునేదానికి నిద్ర ఎలాగూ రాదు.

నస్రుల్లాబాద్ దగ్గరి ఒక ఊళ్ళో భూమయ్య తాత ఉండేవాడు. వరి, చెరుకు పండించిన రైతు. అల్జీమర్స్ వచ్చి కొన్నేళ్లయింది, దానికి తోడు షుగరు. స్నానం పూర్తిగా మానేశాడు. తడిసిన బట్ట ఒరిసి తొడ దగ్గర పుండు పడింది. కొడుకు పట్టుకుని నీళ్ళు పోయబోతే చెంబు లాక్కుని కొట్టాడట. "ఏదన్న మత్తుగోలి రాయున్రి మేడం, పండుకున్నంక కడుగుతం" అని కొడుకు అడిగాడు. ఆ వయసులో మత్తుమందు ఇస్తే పడి తుంటి విరిగే ప్రమాదం ఉంది. పుండును వదిలేస్తే చీము పడుతుంది. వచ్చే నెల సమీక్షలోపు మందు లేని దారి ఏదైనా చూపమని, లేకపోతే గోలీ రాయక తప్పదని డాక్టరమ్మ నాకు చెప్పారు.

నా చదువంతా బయటికి తీశాను. ఏ గదిలో ఏ పని చేయాలో గుర్తు చేసే బొమ్మలు పెట్టాలని మాకు నేర్పుతారు. స్నానం చేస్తున్న మనిషి బొమ్మ ఒకటి బాత్రూం తలుపుకు అంటించాను. తాత దాన్ని చూసి మర్యాదగా వెనక్కి తిరిగాడు.

"లోపట ఎవరో తానం చేస్తున్రు బిడ్డా. ఎల్లనియ్యి."

బొమ్మ పీకేసి, ఇప్పుడు ఎవరూ లేరన్నాను. "నేను పొద్దుగాల్నే చేసిన. నువ్వు చేసినవా?" అన్నాడు. జీపు అందుకునే తొందరలో ఆ రోజు నేను చేయలేదు.

కొన్నాళ్ళకు వాడకట్టులో ఒకాయన పోయాడు. కోడలు సుజాత తాతను చావింటికి తీసుకుపోయి వచ్చింది. తిరిగొచ్చాక తాత తన ఇంటి గడప తొక్కలేదు. వాకిట్లోనే నిలబడి నీళ్ళు తెమ్మని, తల మీంచి తానే పోసుకున్నాడు. చావుకు పోయి వచ్చినవాళ్ళు స్నానం చేయకుండా ఇంట్లోకి రాకపోవడం మా వైపు పద్ధతి. కొడుకు పేరు మరిచినా ఆయన ఆ పద్ధతి మరవలేదు.

ఆ సంగతి వినగానే నాకు పండగే. ఒక చావు వైద్యం తయారుచేశాను. రోజు విడిచి రోజు ఎవరో పోయారని చెప్పి, వీధి చివరిదాకా నడిపించి, తీసుకురావాలి. "బతికున్నోళ్లను అట్లెట్ల అంటం అక్కా" అంది సుజాత. పోయినవాళ్ళ పేర్లే చెప్పమన్నాను. అది నడవలేదు. "ఆడు సచ్చి శానా దినాలాయె గదా" అనేవాడు తాత. చివరికి, రెండిళ్ళ అవతల నిక్షేపంగా ఉన్న ఆయన దోస్తు సాయిలు పేరే మిగిలింది.

పుండు ఆరసాగింది. బృందం ముందు నేను "అలవాటైన సామాజిక సంకేతం" అని గంభీరంగా చెప్పాను. ఎవరిని చంపుతున్నామో చెప్పలేదు.

తర్వాతి విజిట్‌కు వెళ్తే సాయిలే మా జీపుకు అడ్డం వచ్చాడు.

"నన్ను సంపిపిస్తున్నది నువ్వేనా బిడ్డా?"

నేను బ్యాగు సర్దుకున్నాను.

"సంపితే సంపినవు గానీ, ఆడు నన్ను చూసి జడుసుకుంటుండు. ఇగ నేను ఎవరితోని కూసోవాలె?"

లోపల సంగతి ఇంకా ఘోరంగా ఉంది. తాత గోడకు ఒరిగి ఏడుస్తున్నాడు. స్నానం అయింది, అన్నం మాత్రం ముట్టలేదు. "దోస్తు పొయ్యిండు, బువ్వెట్ల దిగుతది" అంటున్నాడట. షుగరు గోలీ మాత్రం ఎప్పటిలాగే వేశారు. ఆయన నుదురంతా చెమట, చేతులు వణుకు. నర్సు వేలికి సూది గుచ్చి చూస్తే షుగరు బాగా పడిపోయి ఉంది. చక్కెర నీళ్ళు తాగించాం. తేరుకునేదాకా ఆయన చెయ్యి వదలకుండా పట్టుకున్నాను. ఎవరి ధైర్యం కోసమో చెప్పలేను. తిరుగు దారిలో నర్సు ఒక్క మాటే అంది.

"పుండైతే మంచిగ మానుతుంది."

చావులు ఆపించాను. స్నానమూ ఆగింది. సమీక్ష దగ్గర పడింది, తాతకు మత్తుగోలీ, నాకు చీవాట్లు ఖాయమనుకున్నాను. ఆ ఆదివారం మా ఆయన క్షవరం చేయించుకుని వచ్చాడు. మా అత్తమ్మ గడప దగ్గరే ఆపింది.

"ఆడనే ఆగు. కటింగ్ చేసుకొని సీదా లోపటికొస్తవా? ఏం ముట్టకు, తానం చెయ్యి పో."

పుట్టినప్పటినుంచి ప్రతి ఇంటి గడప దగ్గరా చూసిన తతంగమే. పట్టా పుచ్చుకున్న నాకు మాత్రం చావు తప్ప ఇంకొకటి తోచలేదు.

మర్నాడు దువ్వెన, కత్తెర పట్టుకుపోయాను. అరుగు మీద తాతను కూర్చోబెట్టి, మెడ చుట్టూ తువ్వాలు కప్పి, చెవి దగ్గర కత్తెర ఆడించాను. నాలుగు వెంట్రుకలు తెగాయి, మిగిలిందంతా గాలే. ఎదురుగా సాయిలును, బతికే ఉన్నాడని తెలిసేలా, కూర్చోబెట్టాను. "మీసం గూడ సదురు, పెండ్లికొడుకు లెక్క" అని ఆయన ఎగతాళి చేస్తుంటే తాత నవ్వాడు. మెడ తడుముకుని, వెంట్రుకలు గుచ్చుతున్నాయి, నీళ్ళు పెట్టమన్నాడు. స్నానం చేసి వచ్చి పీట వాల్చుకుని అన్నం అడిగాడు.

కత్తెర కొడుకు చేతికి మారింది. కొన్ని రోజులు అదీ పనిచేయలేదు, ఆ రోజుల్లో తడిగుడ్డతో తుడిచారు. మత్తుగోలీ మాత్రం డాక్టరమ్మ రాయలేదు.

ఇందులో నేను నేర్చుకున్నది: మతిమరుపు మనిషికి పనిని గుర్తు చేస్తే సరిపోదు, ఆ పని ఆయన ఎందుకు చేసేవాడో ఆ కారణం కల్పించాలి. కల్పించాక, దాని వెనక ఇంకేం వస్తుందో కూర్చుని చూడాలి. నేను స్నానం అయిందనిపించుకుని జీపెక్కేదాన్ని. చావు వెనక పస్తు వచ్చింది. కటింగ్ వెనక ఆకలి వచ్చింది.