ఇంటిపేరు అడిగే బాబాయిగారు

టైఫాయిడ్ తగ్గి లేచిన మా చిన్నవాడి పెరుగన్నం వంక చూసి, మా వీధంతా బాబాయిగారని పిలిచే ఆయన చూపుడువేలు నిటారుగా లేపగానే నేను గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టాను. భిలాయిలో ఆసుపత్రి ల్యాబులో పనిచేసే ఆయన వేలు లేపితే కడ్డీ ఆకారపు బాక్టీరియా అని, పిడికిలి బిగిస్తే గుండ్రనిదని మా క్వార్టర్లలో అందరికీ తెలుసు. వీడికి టైఫాయిడ్ అని చెప్పినప్పుడూ ఆ వేలే లేపారు.

"ఇందులో కోట్ల కడ్డీలున్నాయమ్మా!" అన్నారు సంబరంగా.

వాడి నోటికి రుచించేది అదొక్కటే. అయినా గిన్నె లాక్కుని పెరట్లోకి పరుగెత్తాను.

"అరే, ఏటమ్మా, పారబోస్తన్నావా? టైఫాయిడ్‌దీ కడ్డీయే, పెరుగుదీ కడ్డీయే. ఒడ్డూ పొడుగూ చూసి చుట్టరికం కలిపేస్తారేటి? ఇంటిపేరు అడగాల! దీనిది లాక్టోబాసిల్లస్. మనలాగే ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. మర్యాదస్తుల కుటుంబం!"

"మరి టైఫాయిడ్‌ది?"

"సాల్మొనెల్లా వారు. ఆళ్లతో మనకి రాకపోకల్లేవు."

గిన్నె వెనక్కి తెచ్చాను. కానీ కడ్డీలు గొంతులో గుచ్చుకుంటాయని వాడూ, వాడి అక్కా నోరు బిగించేశారు. మర్నాడు పొద్దున్న పెరుగన్నం కలుపుతూ ఇద్దరికీ చెప్పాను: "గబగబా తినేయండి. లేకపోతే బాబాయిగారు వచ్చి, గిన్నెలో ఉన్నవాళ్లందరినీ పేరుపేరునా పరిచయం చేస్తారు."