అమ్మ పొయ్యి ముట్టించని పూట

మా చిన్నప్పుడు... సముద్రం చూడ్డానికి మేం ట్రాక్టర్లో వెళ్ళాం! నవ్వకండి. ఉదయగిరి నుంచి మైపాడు దాకా, ట్రాక్టరు వెనక తగిలించిన ట్రక్కులో, ఇంటిల్లిపాదీ. కింద గడ్డి, దాని మీద బొంతలు, పైన ఎండ తగలకుండా టార్పాలిన్ పట్ట... ఆ రెండ్రోజులూ ఆ ట్రక్కే మా ఇల్లు.

ఆ ఏడు కంది కోతలు అయిపోయాయి. నాయన మంచి హుషారు మీదున్నాడు. "పోదాం పదండి, ఒక రాత్రి ఆడే ఉండి వద్దాం" అన్నాడు. మేం ఎగిరి గంతేశాం. అమ్మ మాత్రం ఒకే ఒక్క మాట అడిగింది.

"వస్తా గానీ, ఆడ నేను పొయ్యి ముట్టించను. ఒక్క పూట సముద్రం ముందర ఊరికే కూర్చుంటా. సరేనా?"

"ఓస్, అంతేనా! నేనూ తమ్ముడూ వండుతాంలే" అన్నాడు నాయన, మా చిన్నాయన భుజం తట్టి.

మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, మూతి మూడు వంకర్లు తిప్పింది. "చోద్యం! కోడలు కూర్చోని, మొగోళ్ళు వండేదా?"

అసలు అమ్మ కూర్చుని అన్నం తినడం కూడా మేం ఎరగం. అందరికీ పెట్టేసి, గిన్నెలో మిగిలింది నిలబడే తినేసేది. పెళ్ళికి పోయినా, జాతరకి పోయినా అంతే. ఆ ఒక్క పూట కోసం ఎంత ఆశపడిందో, దారి పొడుగునా ఆమె మొహం చూస్తేనే తెలిసిపోయింది.

తెల్లారకముందే బయల్దేరాం. ఆత్మకూరు చేరేసరికి ఎండెక్కింది. సంగం దగ్గర పెన్న పక్కన ఆపి చద్దన్నం తిన్నాం. మాది మెట్ట ప్రాంతం... అన్ని నీళ్ళు, అంత పచ్చదనం చూడ్డానికి కళ్ళు చాలలేదు. వరి మళ్ళల్లో కొంగలు తెల్లగా, కదలకుండా నిలబడి ఉన్నాయి. "వాటికేం, హాయిగా ఉండాయి" అంది అమ్మ.

ట్రాక్టరు నడక తెలుసుగా... ఒళ్ళు హూనం! జోగడం, ఉలిక్కిపడి లేవడం, మళ్ళీ జోగడం... అట్లా జోగుతుండగానే ఎక్కడినుంచో ఒక హోరు. లేచి చూస్తే ఎదురుగా సముద్రం... ట్రక్కు అంచు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డామో!

సరుగుడు తోట పక్కన ట్రక్కు ఆపారు. అమ్మ దిగింది, చెప్పులు విడిచింది, నేరుగా పోయి ఇసుకలో కూర్చుంది.

ఇక మొదలైంది మా వాళ్ళ వంట! బియ్యం తెచ్చాం, పప్పు తెచ్చాం, డ్రమ్ముతో నీళ్ళు తెచ్చాం, కట్టెలు కూడా ఇంటినుంచే తెచ్చాం. "పొయ్యికి రాళ్ళు ఏడ్రా?" అన్నాడు నాయన. చిన్నాయన చుట్టూ చూశాడు. కనుచూపు మేరా ఇసకే! ఉదయగిరి కొండ కింద పుట్టినోళ్ళం. అడుగు తీసి అడుగేస్తే రాయి తగిలే ఊరు మాది. రాళ్ళు కూడా మూటగట్టుకుని పోవాలని ఎవరికి తోస్తుంది చెప్పండి!

గుంట తవ్వి మంట పెట్టారు. ఇసుక జారి ఆరిపోయింది. మళ్ళీ తవ్వారు, ఈసారి గాలి ఆర్పేసింది. పొద్దు మా వెనక వాలుతోంది. మా తమ్ముడు ఆకలని ఏడుపు లంకించుకున్నాడు. నాయన ఊది ఊది, ఎర్రబడ్డ కళ్ళతో అమ్మ వైపు చూశాడు. నోరు తెరిచి అడగలేదు గానీ, ఆ చూపు చాలదా?

అమ్మ నిట్టూర్చి, కొంగు నడుముకి దోపుకుని లేవబోయింది. నాకు ఏడుపొచ్చింది. అయిపోయింది, అమ్మ పూట అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు మా అవ్వ... మూతి తిప్పిన ఆ అవ్వే... పోయి అమ్మ కొంగు పట్టుకుని కిందికి లాగింది.

"కూర్చోవే. ఒక్క పూట కడుపు మాడితే ఎవురూ చావరు."

"పిల్లోడు ఏడస్తా ఉండాడు అత్తా..."

"ఏడవనీ. వాళ్ళ నాయన ఉండాడు గదా! నేనూ ఒకప్పుడు ఇట్నే అడగాలనుకున్నా, నోరు రాలా. నువ్వు అడిగినావు. కూర్చో."

అని, తనూ కాళ్ళు చాపుకుని అమ్మ పక్కనే చతికిలబడింది.

ఇక లాభం లేదని చిన్నాయన దగ్గర్లో చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళకి పరిగెత్తి, మూడు ఇటుకలు అడిగి తెచ్చాడు. "పొయ్యిరాళ్ళు అడుక్కునే వాళ్ళని ఇప్పుడే చూస్తుండా" అని ఆ ఇంటామె పడీ పడీ నవ్విందట.

నేను పోయి అమ్మ ఒళ్ళో తల పెట్టుకున్నాను. అమ్మ చేతులు ఖాళీగా ఉండటం అదే మొదటిసారి చూడటం... అలలు వస్తున్నాయి, పోతున్నాయి... నీళ్ళు మెల్లగా నల్లబడుతున్నాయి... ఆకాశం ఎక్కడ అయిపోయిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు.

"ఏం చూస్తా ఉండావమ్మా?"

"ఏం లేదు. ఊరికే కూర్చోనుండా."

ఆ మాట ఎంత హాయిగా అందో! అవ్వ అప్పటికే కునుకు తీస్తోంది.

అన్నం సగం ఉడికింది, సగం మాడింది. నములుతుంటే ఇసుక కరకరలాడింది. నాయనే పళ్ళెంలో పెట్టుకొచ్చి అమ్మ చేతికిచ్చాడు. అమ్మ కూర్చునే తిన్నది.

ఇప్పుడేముంది... కారెక్కితే పూటలో పోయి వచ్చేస్తాం. ఏసీ గది, ఫోన్ చేస్తే గదికే తిండి. మొన్న అమ్మని మళ్ళీ మైపాడు తీసుకెళ్ళాను. వద్దంటున్నా వినకుండా తెల్లారుజామునే లేచి పులిహోర కలిపింది. కారు దిగీ దిగకముందే డబ్బాలు విప్పి పిల్లలకి వడ్డించడం మొదలుపెట్టింది. "కూర్చోమ్మా" అన్నాను. "ముందు మీరు తినండే" అంది. ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. సముద్రం వైపు తిరిగి కూడా చూడలేదు.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. అమ్మని కూర్చోబెట్టగలిగింది ఆమె ఒక్కతే...

మీ అమ్మని మీరెప్పుడైనా ఊరికే కూర్చోబెట్టగలిగారా? ఎట్లా కూర్చోబెట్టారో కాస్త రాయండి... నాకు చేతకావడం లేదు.